కొద్ది కిరణమున మంచి చూపు

ఎండను గూర్చి పావగడ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. మా తాలూకాకు వాన చుట్టము వంటిది, ఎండ ఇంటి మనిషి వంటిది. కళ్ళములో పోసిన వేరుసెనగ కాయ ఆరుటకు ఎండ కావలెను. ఆ ఎండయే పది దినములు ఎక్కువైనచో చేనిలోని మొలక మాడిపోవును. కనుక మా పెద్దలు ఎండ మంచిదా చెడ్డదా యని ఎన్నడును వాదించుకొనలేదు. ఏ పనికి, ఎంత ఎండ, ఎంతసేపు అని మాత్రమే చూచుకొనిరి. కంటికి కానరాని మరియొక వెలుగును గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ పూనుకొనినప్పుడు మాకు మొదట తోచినది ఈ ఎండ లెక్కయే. ఆ వెలుగు ఎక్సు కిరణము. దానితో పనిచేయు యంత్రము సి.టి. స్కాను. నేడు ఆ మాట వినని తెలుగు కుటుంబము లేదు. ఆ మాటకు జంకని కుటుంబమును అరుదే.

పావగడ కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని తాలూకా. అయినను పటము విప్పి చూచినచో దాని పొలిమేరలు చాల వైపుల ఆంధ్రప్రదేశముతోనే కలియును. మాకు ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. జిల్లా కేంద్రమైన తుమకూరు దాదాపు నూరు కిలోమీటర్ల దూరము. హిందూపురము, మడకశిర అంతకన్న దగ్గర. అందువలన ఇచ్చటి మనిషికి జబ్బు చేసినప్పుడు ఒక వైద్యుడు తుమకూరులో, ఒక వైద్యుడు హిందూపురములో, పెద్ద వైద్యుడు బెంగుళూరులో ఉండుట వాడుకయైనది. రోగి మూడు చోట్లకును పోవును. రోగి కాగితములు మాత్రము ఇంటి గూటిలోనే ఉండిపోవును. ఈ చిన్న అలవాటు వలన మా ఇంట జరిగిన దానిని దాచక చెప్పుదుము. మా తప్పు చదువరులకు ఒప్పు నేర్పిన చాలును.

2022వ సంవత్సరము జనవరి మాసమున మా తల్లిగారికి దగ్గు పట్టి విడువలేదు. అప్పటికి ఆమెకు డెబ్బది యెనిమిది యేండ్లు. ఎక్సు కిరణ చిత్రములో కుడి ఊపిరితిత్తి మీద ఏదో నీడ తోచినదని, స్కాను తీయింపుడని వైద్యులు చెప్పిరి. ఒక పట్టణములోని స్కాను కేంద్రమునకు తీసికొనిపోతిమి. ఆమెను బల్లమీద పరుండబెట్టి మమ్ము వెలుపలికి పంపిరి. బల్ల లోపలికి జరుగగానే యంత్రములో నుండి ఆంగ్లమున ఒక గొంతు పలికినది. ఊపిరి పీల్చి బిగబట్టుడని దాని భావము. మా తల్లిగారు తలయెత్తి, "ఎవురప్పా అది, ఏమంటాండారు?" అని అడిగిరట. చిత్రము చెదరినది. మరల తీయవలసి వచ్చినది. ఈ పర్యాయము అచ్చటి టెక్నీషియను అమ్మాయి దయతో దగ్గరకు వచ్చి, "అజ్జీ, ఉసిరు బిగి హిడ్కొళ్ళి" అని కన్నడమున చెప్పెను. కన్నడమున ఉసిరు అనగా ఊపిరి. పెనుకొండ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మా తల్లిగారికి ఉసురు అనగా ప్రాణము. "ఉసురు పట్టుకోమంటాది ఈ పిల్ల, నాకేమైందిరా?" అని ఆమె కంట నీరు పెట్టుకొనగా మమ్ము లోపలికి పిలిచిరి. "అమ్మా, గాలి బాగా పీల్చుకోని బిగబట్టు. ఇడువమనేదాకా ఇడువొద్దు" అని చెప్పి వెలుపలికి వచ్చితిమి. పది క్షణములలో పని ముగిసినది.

చిత్రమున కుడి ఊపిరితిత్తిలో ఏడు మిల్లీమీటర్ల మచ్చ యొకటి కనబడినది. అది పాత జబ్బు మానిన గుర్తు కావచ్చును, కాకపోవచ్చును. సంవత్సరము నాటికి మరల తీసి, పెరిగినదా లేదా యని పోల్చి చూడవలెనని వైద్యులు చెప్పిరి. ఆ మాటతో మా ఇంట నిద్ర పోయినది. నెల తిరుగక ముందే ఆమెను సరిహద్దు దాటించి మరియొక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. పాత చిత్రములు వెంట తీసికొనిపోలేదు. కొత్త వైద్యుడు కొత్త కన్నుతో చూడవలెనని మా తెలివి. అచ్చట మరల స్కాను తీసిరి. అంతయు ముగిసిన పిదప ఆ చిత్రములను చదివిన వైద్యుడు మమ్ము కూర్చుండబెట్టి, "ఈమెకు ఈ నెలలో ఎన్నిసార్లు స్కాను అయింది?" అని అడిగెను. మేము వ్రేళ్ళు లెక్కించితిమి. మూడు అని చెప్పుటకు నోరు రాలేదు. "ఈ చిత్రం ఒంటరిగా ఏమీ చెప్పదండీ. పాతదాని పక్కన పెడితేనే చెప్తుంది. అది తెచ్చివుంటే దీనితో పని లేకపోయేది" అని ఆయన అనెను. కోపముతో అనిన మాట కాదు. అందుకే అది మా మనసున నాటుకొన్నది. ఆ కిరణమేమి, దాని మోతాదేమి, దానిని తగ్గించుటకు శాస్త్రజ్ఞులు ఏమి చేసినారు అని నాటి నుండి అడిగియు చదివియు తెలిసికొనిన దానిని ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

జర్మనీ దేశమున రాంట్జెన్ పండితుడు 1895 నవంబరులో ఎక్సు కిరణములను కనుగొనెను. ఆ కిరణములు మాంసమును సులువుగా దాటును. ఎముక వద్ద చాల వరకు ఆగిపోవును. ఆవల నున్న ఫిల్ముపై నీడ పడును. నీడతో వచ్చిన చిక్కు ఒకటి కలదు. దీపము ముందు రెండు వ్రేళ్ళను ఒకదాని వెనుక ఒకటి ఉంచినచో గోడపై ఒక్క వ్రేలి నీడయే కనబడును. దీపమును ప్రక్కకు జరిపినచో ఆ నీడలు రెండుగా విడిపోవును. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. అను కంపెనీకి చెందిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు ఈ ఉపాయమునే పట్టుకొనెను. కిరణముల దీపమును తల చుట్టు త్రిప్పి, ప్రతి కోణము నుండియు ఎంత కిరణము దాటి వచ్చినదో కొలిచి, ఆ లెక్కల నన్నిటిని కంప్యూటరున కప్పగించి, తల లోపలి పొరను గీయించెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో ఒక స్త్రీ మెదడును ఈ విధమున మొదటిసారిగా చూచిరి. నాటి చిత్రము అడ్డముగా 80, నిలువుగా 80 గడులు గల చదరంగపు బల్ల వంటిది. ఒక్కొక్క కొలతకు నాలుగైదు నిమిషములు పట్టెడిది. దీనికి తగిన గణితమును అంతకు ముందే వేరుగా సాధించిన అలన్ కార్మాక్‌కును, హౌన్స్‌ఫీల్డునకును కలిపి 1979లో వైద్యశాస్త్రపు నోబెలు బహుమానము నిచ్చిరి. నేటికిని ప్రతి స్కానులోను నీటికి సున్న, గాలికి ఋణము వేయి అని లెక్కించు కొలతకు హౌన్స్‌ఫీల్డు పేరే నిలిచియున్నది.

ఇక మోతాదు మాట. శరీరమునకు సోకిన కిరణమును మిల్లీసీవర్టులలో కొలుతురు. మనము ఆసుపత్రి గడప త్రొక్కకున్నను నేల నుండి, ఆకాశము నుండి, తినెడి తిండి నుండి మనకు సహజముగా కొంత వికిరణము సోకుచునే యుండును. ప్రపంచమున సగటున అది ఏటికి 2.4 మిల్లీసీవర్టులు. రొమ్ము ఎక్సు కిరణ చిత్రము ఒక్కటి తీసినచో 0.1 మిల్లీసీవర్టు లోపల. తల స్కానునకు సుమారు 2. మామూలు రొమ్ము స్కానునకు 6 లేక 7. యంత్రమును బట్టి, శరీరమును బట్టి ఈ అంకెలు మారును. ఈ కిరణములు శరీర కణములలోని జన్యు పదార్థమును గాయపరచగలవు. శరీరము దానిని చాల వరకు సరిచేసికొనును. ఎప్పుడో యొకప్పుడు ఒకటి సరికాక నిలిచి, ఏండ్లు గడచిన పిదప కాన్సరుగా మారుటకు కొద్దిపాటి అవకాశము కలదు. పెద్దవయసు వారికి ఆ అవకాశము తక్కువ. ముందు బ్రదుకవలసిన ఏండ్లు ఎక్కువగా నున్న పసిపిల్లలకు ఎక్కువ.

మోతాదు తగ్గించిన సరిపోవును గదా యని ఎవరైనను అడుగుదురు. మేమును అడిగితిమి. అచ్చటనే అసలు ముడి కలదు. మా ఊరిలో తొలకరి నాడు వాకిట నాలుగు చినుకులు రాలినచో నేల మచ్చలు మచ్చలుగా తడియును. ఒక చోట రెండు చినుకులు, ఒక చోట ఒకటియు లేదు. అదే వాన గంటసేపు పడినచో నేలయంతయు ఒకే తీరున తడియును. కిరణములును చినుకుల వలె విడివిడిగా వచ్చునవే. కొద్ది కిరణములతో తీసిన చిత్రము తొలకరి వాకిలి వలె గరుకుగా, చుక్కలు చుక్కలుగా నుండును. చిన్న మచ్చ యేదైనను ఆ చుక్కలలో కలిసిపోవును. ఈ గరుకుదనమును సగమునకు తగ్గింపవలెనన్న కిరణమును రెండింతలు కాదు, నాలుగింతలు చేయవలెను. కావున చాలకాలము వైద్యులకు రెండే దారులు కనబడినవి. మంచి చిత్రము కావలెనన్న ఎక్కువ కిరణము, కిరణము తగ్గింపవలెనన్న మసక చిత్రము. ఈ రెండింటి నడుమ మూడవ దారి వేసినదే గత యేబది యేండ్ల యంత్ర శాస్త్రము.

అందు మొదటిది కిరణమును పొదుపుగా పంచుట. మునుపు మా రైతులు చేనంతటికి ఒకే తీరున నీరు పారించెడివారు. బోరు బావులు ఎండిపోవుచుండగా బిందు సేద్యము వచ్చి, మొక్క మొక్కకు కావలసినంతయే ఇచ్చుట నేర్పినది. పాత స్కానులలో తల నుండి నడుము దాక ఒకే బలముతో కిరణము ప్రసరించెడిది. నేటి యంత్రము మనిషి ఏ చోట ఎంత దళసరియో ముందుగా చూచుకొని, భుజముల వద్ద బలమును పెంచి, గాలితో నిండిన ఊపిరితిత్తుల వద్ద తగ్గించును. సన్నని వారికి, పిల్లలకు ట్యూబు వోల్టేజినే తగ్గింపవచ్చును. శరీరములో చొరలేక చర్మము వద్దనే నిలిచిపోవు పనికిరాని కిరణములను ముందుగానే లోహపు రేకులతో వడగట్టుదురు.

రెండవది వేగము. 1989 ప్రాంతమున బల్ల జరుగుచుండగానే దీపమును ఆపక త్రిప్పు పద్ధతి వచ్చెను. మరచీల వలె చుట్టుకొని పోవు చూపు అది. 1998 నాటికి ఒక్క చుట్టులో నాలుగు పొరలను, కొద్ది యేండ్లకే అరువది నాలుగు పొరలను తీయు యంత్రములు వచ్చెను. నిమిషములు పట్టిన పని క్షణములలోనికి దిగినది. ఊపిరి బిగబట్టవలసిన కాలము తగ్గిన కొలది చెదరిన చిత్రములును, మరల తీయుటయును తగ్గును. అయినను ఆ కొద్ది క్షణములైనను ఊపిరి నిలుపవలెను గదా! దానికి మనిషికి తెలిసిన భాషలో చెప్పవలెను. కోట్ల రూపాయల యంత్రము చేయలేని పని మా ఇంట ఒక తెలుగు వాక్యము చేసినది.

మూడవది, దాటి వచ్చిన కిరణమును వృథా పోనీయక పట్టుకొనుట. దీనిని గ్రహించుటకు పావగడ వారికి మంచి ఉపమానము చేతిలోనే యున్నది. నాగలమడికె హోబళిలో తిరుమణి చుట్టుప్రక్కల పల్లెలలో సుమారు 13,000 ఎకరముల నేలను రైతుల నుండి గుత్తకు తీసికొని, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రమును నిర్మించిరి. 2018 మార్చిలో అది ప్రారంభమైనది. అచ్చటి నల్లని పలకలు వెలుగును విద్యుత్తుగా మార్చును. స్కాను యంత్రపు గ్రాహకము చేయునదియు అట్టి పనియే. అందు ఒక జాతి స్ఫటికము కిరణము తాకగానే మినుకుమనును; ఆ మినుకును చిన్న సౌర పలక వంటి దొకటి విద్యుత్తుగా మార్చును; ఆ విద్యుత్తును కంప్యూటరు కొలుచును. స్ఫటికమునకు స్ఫటికమునకు నడుమ గోడ లుండుట వలన కొంత కిరణము ఆ గోడలపై పడి వ్యర్థమగును. యంత్రపు సొంత గొణుగుడును కొలతలో కలియును. ఇటీవల వచ్చిన కొత్త గ్రాహకములలో ఈ నడిమి మెట్టు లేదు. కాడ్మియము టెల్లూరైడు వంటి పదార్థము కిరణమును నేరుగా విద్యుత్తుగా మార్చి, ఒక్కొక్క కిరణ కణమును విడిగా లెక్కించును. కొన్ని జాతుల సౌర పలకలను చేయుటకు వాడునదియు ఈ పదార్థమే. లెక్కకు రాదగినంత బలము లేని గొణుగుడును అది వదలివేయును. ఇట్టి యంత్రమునకు అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ 2021 సెప్టెంబరులో అనుమతి నిచ్చినది.

నాలుగవది లెక్క కట్టు విధానము. చాల యేండ్లు కంప్యూటరు ఒక్కసారి లెక్కవేసి చిత్రమును గీసి యిచ్చెడిది. బడిలో మేము పిల్లలకు లెక్క చేసిన పిదప సరిచూడుడని చెప్పెడివారము. 2009 ప్రాంతము నుండి యంత్రములకును ఆ పాఠము వాడుకలోనికి వచ్చినది. ముందొక చిత్రమును ఊహించి, మనిషి అట్లే యున్నచో కొలతలు ఎట్లు రావలెనో లెక్కించి, నిజమైన కొలతలతో పోల్చి, తేడా వచ్చిన చోట దిద్ది, మరల పోల్చును. నిజమునకు ఈ ఆలోచన హౌన్స్‌ఫీల్డు తొలి యంత్రములోనే కలదు. దానిని పెద్ద చిత్రములకు వాడునంత వేగము నాటి కంప్యూటర్లకు లేకపోయినది. 2019 నుండి మరియొక మెట్టు. ఎక్కువ కిరణముతో తీసిన మంచి చిత్రములను వేలకొలదిగా చూచి నేర్చుకొనిన కృత్రిమ మేధ, కొద్ది కిరణముతో తీసిన చిత్రములో ఏది చుక్క, ఏది నిజమైన అవయవము అని వేరుపరచుచున్నది. ఇందొక జాగ్రత్త కలదు. గోడకు సున్నము మరీ దట్టముగా కొట్టినచో పగులు కప్పబడును. చిత్రమును మరీ నున్నగా చేసినచో చిన్న జబ్బును దాగవచ్చును. అందుచేత ఎంతవరకు తగ్గింపవచ్చునో నిర్ణయించుటకు అనుభవము గల వైద్యుని కన్ను ఇంకను కావలెను.

ఇవన్నియు కలిసి వచ్చిన ఫలితమును ఒక్క అంకెలో చెప్పవచ్చును. అమెరికాలో పొగ త్రాగు అలవాటు ఎక్కువగా గల వారి ఊపిరితిత్తులను తక్కువ మోతాదు స్కానుతో పరీక్షించి, 2011లో ఫలితములు ప్రకటించిరి. ఒక్కొక్క స్కానునకు సగటున 1.5 మిల్లీసీవర్టులు మాత్రమే పట్టినది. మామూలు ఎక్సు కిరణ చిత్రములతో పరీక్షించిన వారికన్న వీరిలో ఊపిరితిత్తుల కాన్సరు మరణములు నూటికి ఇరువది తగ్గినవి. కొద్ది కిరణమైనను ప్రాణము నిలుపునంత చూపు నిచ్చినదన్న మాట.

ఇంతవరకు యంత్రము కథ. మా కథలో మిగిలిన భాగము చెప్పుటకు కొంత సిగ్గుగా నున్నది. మూడు స్కానుల సంగతి తెలిసిన తరువాత మేము ఊరక యుండలేదు. ఇంటికి వచ్చిన వారికందరికిని స్కాను వలన కీడని, ఒక్క స్కాను డెబ్బది ఎక్స్‌రేలతో సమానమని చెప్పుచు వచ్చితిమి. అంకె అబద్ధము కాదు. చెప్పిన తీరు అబద్ధము. ఆ యేడాదియే మా దగ్గరి బంధువు ఒకరు, అరువది యేండ్లవారు, ద్విచక్ర వాహనము మీది నుండి పడి తలకు దెబ్బ తగిలించుకొనిరి. వైద్యులు స్కాను వ్రాసి యిచ్చిరి. "మీరే గదా అంటిరి, ఆ కిరణాలు చెడ్డవని. తలనొప్పికి అదెందుకు?" అని ఆయన ఇంటికి వచ్చి పడుకొనెను. మరునాటికి వాంతులు, మాట తడబాటు. బెంగుళూరునకు తీసికొనిపోయి స్కాను తీయగా మెదడు పై పొరలో నెత్తురు గడ్డకట్టి యున్నది. శస్త్రచికిత్స చేసి ప్రాణము కాపాడిరి. కుడి చేయి మాత్రము నేటికిని పూర్తిగా స్వాధీనములో లేదు. ఆయన మమ్ము ఒక్క మాట అనలేదు. భోజనమునకు పిలిచినప్పుడు ఎడమ చేత చెంచాతో తినుచుండగా మేమే తలవంచుకొందుము. ఆ దినము ఆయనకు కావలసినది రెండు మిల్లీసీవర్టులు. మేము ఆయనకు ఇచ్చినది భయము.

దీనికి ప్రతిగా జరిగిన సంగతియు చెప్పవలెను. మరుసటి వేసవిలో ఏడేండ్ల మా మనుమడు మేడమెట్ల మీది నుండి జారిపడెను. మేము ఈ పర్యాయము భయపడక, వెంటనే తల స్కాను తీయవలెనని వైద్యుని పట్టుబట్టితిమి. ఆయన పిల్లవానిని చక్కగా పరీక్షించి, స్పృహ తప్పలేదు, వాంతి లేదు, నడక మాట సరిగా నున్నవి, కొన్ని గంటలు కండ్ల యెదుట ఉంచుకొనిన చాలును, స్కాను వలదు అనెను. మేము అసంతృప్తితోనే కూర్చుంటిమి. సాయంకాలమునకు పిల్లవాడు ఆసుపత్రి వరండాలో పరుగులు పెట్టుచుండెను. అమెరికాలో నలుబది రెండు వేలకు పైగా పిల్లలను పరిశీలించి, ఏ గుర్తులు లేనప్పుడు తల స్కాను మానవచ్చునో 2009లోనే నియమములు ప్రకటించిరని తరువాత తెలిసినది. 2012లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించిన లెక్క ప్రకారము, పదేండ్ల లోపు పిల్లలకు పదివేల తల స్కానులు తీసినచో తరువాతి పదేండ్లలో ఒక రక్త కాన్సరు, ఒక మెదడు కంతి అదనముగా వచ్చునట. ఇది పెద్ద సంఖ్య కాదు. నిజముగా అవసరమున్న పిల్లవానికి స్కాను మానుటకు ఇది కారణమును కాదు. అవసరము లేని పిల్లవానికి తీయకుండుటకు మాత్రము చాలినంత కారణము.

తెలుగు సంఘపు సంచికలో స్కాను మాట ఏల యని కొందరు అడుగవచ్చును. ఉత్తర అమెరికా తెలుగు సంఘమునకు తొలి అధ్యక్షులైన డాక్టరు కాకర్ల సుబ్బారావు గారు (1925–2021) ఎక్సు కిరణ చిత్రములను చదువు వైద్యులే. ఎముకల చిత్రములలో ఆయన ప్రఖ్యాతులు. విదేశమున సంపాదించిన విద్యను వెంటగొని స్వదేశమునకు వచ్చి హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థను నడిపిరి; 2000లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. పావగడ వారికి ఎముకల చిత్రములతో పని మరింత ఎక్కువ. మా భూగర్భ జలములో ఫ్లోరైడు అధికము. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగిన పెద్దల వెన్నెముకలు బిగిసిపోయినవి. ఇట్టి ఎముకల వ్యాధిని మన దేశమున 1937లో తొలుత వర్ణించినది నెల్లూరు జిల్లా తెలుగు పల్లెలలోనే. నడుము వంగని వృద్ధులు బల్లమీద కదలక పడుకొనుట కష్టము. కదలినచో చిత్రము మరల తీయవలెను. కనుక ఈ విషయము మా వంటి కుటుంబములకు దూరపు విషయము కాదు.

మన సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు. ఇంటిలోని ప్రతి పెద్దకును ఒక సంచి ఏర్పాటు చేసి, స్కాను ఫిల్ములు, డిస్కులు, తేదీల పట్టిక అందు ఉంచవలెను. నేటి యంత్రములు ప్రతి స్కానునకు ఎంత మోతాదు వాడినదియు ఒక పుటలో వ్రాసియుంచును. ఆ పుటను అడిగి తీసికొని దాచవలెను. ఏ ఊరి వైద్యునికడకు పోయినను ఆ సంచి వెంట పోవలెను. రెండవది, ఊపిరి మాటలను పెద్దలకు ముందుగానే ఇంట తెలుగున అభ్యాసము చేయింపవలెను. చాల యంత్రములలో ఆ ఆదేశములను స్థానిక భాషలలో నిలువచేయు వీలు కలదు. సరిహద్దు తాలూకాల స్కాను కేంద్రములను తెలుగు గొంతు కూడ ఉంచుడని సంఘము మర్యాదగా కోరవచ్చును. మూడవది, మన దేశమున సి.టి. యంత్రమును నడుపుటకు అణుశక్తి నియంత్రణ మండలి వారి అనుమతి తప్పనిసరి. కేంద్రమునకు ఆ అనుమతి యున్నదా యని అడుగుట తప్పు కాదు. గర్భవతులు ఆ సంగతి ముందుగానే చెప్పవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది, ఈ స్కానుతో చికిత్సలో ఏమి మారునని వైద్యుని అడుగవలెను. జవాబు సరియైనదైనచో మారు మాటాడక బల్ల యెక్కవలెను.

మా తల్లిగారి కథ ముగించి సెలవు తీసికొందుము. 2023 జనవరిలో సంచితో పోయితిమి, మచ్చ పెరుగలేదు. 2024 జనవరిలో కడపటి పరీక్షకు కొత్త యంత్రము గల చోటికి పోయితిమి. తక్కువ మోతాదు పద్ధతిని తీసిరి. అచ్చటి టెక్నీషియను కుర్రవాడు హిందూపురము వాడు. "అవ్వా, గాలి పీల్చుకో, బిగబట్టు" అని వాడే చెప్పెను. ఒక్కసారితో అయినది. మోతాదు పుటను మొదటి పుట ప్రక్కన పెట్టి చూచితిమి. రెండేండ్ల నాటి దానిలో నాలుగవ వంతైనను లేదు. చిత్రము మాత్రము దానికన్న తేటగా నున్నది. వైద్యులు మూడు చిత్రములను వరుసగా పెట్టి, అది పాత జబ్బు మానిన గుర్తేయని, ఇక స్కాను అక్కరలేదని చెప్పిరి. తిరిగి వచ్చు దారిలో తిరుమణి పలకలపై సాయంకాలపు ఎండ పడుచుండెను. "ఇంగ నన్ను ఆ గుహలోకి దోయరు గదా?" అని మా తల్లిగారు అడిగిరి. అక్కరలేదమ్మా అని చెప్పితిమి. ఆమె కొంచెముసేపు ఆలోచించి, "అక్కర పడితే దోయండి. గాలి బిగబట్టేది వచ్చింది లే" అనిరి.